పైడి కుడి చెయ్యి

చదువుకునే రోజుల్లో ఆడిన ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మా అమ్మ పోయింది. అబద్ధం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

రాజాంలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీలో జూడో నేర్పేవారు. పైడితల్లి నా హాస్టల్ గదిలోనే ఉండేది. సాలూరు పిల్ల, వాళ్ల నాన్న లారీ డ్రైవరు. నన్ను చూసే జూడోలో చేరింది. అందరూ మొదట నేర్చుకునే పట్టు ఒకటుంది, ఎదుటి మనిషిని నడుం మీదకి ఎత్తుకుని అవతలికి పడెయ్యడం. అది దానికి నేర్పింది నేనే. ఒక చేత్తో నడుం చుట్టి పట్టుకోవాలి. రెండో చేత్తో ఆ మనిషి వేసుకున్న జూడో కోటు కుడి చేతిని పట్టుకుని, ఒళ్లు నేలకు తాకేదాకా పైకి లాగి ఉంచాలి. వదిలేస్తే భుజం నేలకు కొట్టుకుంటుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

కొన్నాళ్లకే పైడి నన్ను మించిపోయింది. రాష్ట్ర పోటీలకు మా బరువులో ఒక్కరినే పంపుతారు. మాస్టారు దాని పేరు చెప్పారు. నేను నవ్వుతూ దాన్ని కావలించుకున్నాను కూడా.

మర్నాడు సాయంత్రం సాధనలో దాన్ని నడుం మీదకి ఎత్తాను. తేలిగ్గా వచ్చేసింది. నన్ను నమ్మిన ఒళ్లు. గాలిలో ఉండగా కోటు వదిలేశాను. ఎముక విరగాలనుకున్నానా? లేదు. కాస్త దెబ్బ తగిలి, పోటీలు అయ్యేదాకా మంచం మీద ఉంటే చాలనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా, లేక ఇప్పుడు అలా చెప్పుకుంటున్నానా? వేళ్లు తెరుచుకోవడం మాత్రం గుర్తుంది. నేనే తెరిచాను.

దాని కుడి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రిలో దాని పక్కన కూర్చుని ఏడ్చాను.

"సెయ్యి జారిపోనాదే పైడీ," అన్నాను.

"నాకు తెల్దేటే? నాకే సరిగ్గా పడడం రానేదు. నువ్వేటి సేస్తావు, ఏడవకు," అంది.

ఎముక అతికింది గానీ నరం దెబ్బతింది. చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. వాళ్ల నాన్న చదువు మాన్పించి తీసుకుపోయాడు. దాని బదులు పోటీలకు నేను వెళ్లాను. మొదటి ఆటలోనే ఓడిపోయాను.

మొన్న సాలూరులో వాళ్లింట్లో భోజనం చేశాను. పైడి ఎడమ చేత్తో వడ్డిస్తోంది. దాని కూతురు, "అమ్మ సెయ్యి ఎలా ఇరిగింది పిన్నీ?" అని నన్నే అడిగింది. నేను పులుసన్నం కలుపుకున్నాను.

"ఇసిరింది మీ పిన్నే. అమ్మకే పడడం రానేదు," అని పైడి నవ్వి, నాకు ఇంకో గరిటె పులుసు పోసింది. తిన్నాను.

అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెబితే ఏమవుతుంది? ఆ చెయ్యి లేవదు. ఇన్నాళ్లూ తన చేతకానితనం అనుకున్నది నా అసూయ అని తెలుస్తుంది, ఆ నాటి నుంచి మిగిలిన ఒక్క స్నేహితురాలూ లేకుండా పోతుంది. ఇలా ఆలోచించేది దాని కోసమా, నా కోసమా? నా కోసమే. దాని ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు ఎప్పటికీ రాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఇంతవరకూ ఈ నిజం నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే.