షామీర్‌పేట చెరువు ఒడ్డున పదమూడో కుప్ప

గోదావరి చేపలు తిని పెరిగినదాన్ని. పేట్ బషీరాబాద్‌లో మా కాలనీ దగ్గర అమ్మే ఐసు చేప నాకు సహించదు. షామీర్‌పేట చెరువులో వల లాగే రోజు పొద్దున్నే వెళ్తే బతికున్న చేప దొరుకుతుందని మా వాచ్‌మన్ చెప్పాడు. అంతే, మొన్న ఆదివారం ఐదున్నరకే స్కూటరు తీశాను. కొంపల్లి నుంచి దేవరయాంజాల్ మీదుగా తూంకుంట చేరి, అక్కడ ఎడమకు తిరిగితే మొత్తం ముప్పావు గంట ప్రయాణం. వంద రూపాయల పెట్రోలు రానూపోనూ సరిపోయింది.

నేను చేరేసరికి వల ఒడ్డుకొచ్చింది. మత్స్యకారుల సంఘం పెద్ద ఎల్లయ్య చేపల్ని సమానంగా కుప్పలు పోస్తున్నాడు. ఒక కుప్పలో బొచ్చె చేప తోక కొట్టుకుంటోంది. అది నాకిచ్చెయ్యమని వేలు చూపించాను.

"గది ఇంకా ఎవ్వరిది కాలే. ఎవరి దగ్గర కొంటవక్కా?" అన్నాడాయన.

పంపకం పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. ఒకరు కుప్పలకు వీపు పెట్టి నిలబడతారు. ఇంకొకరు కర్రతో ఒక్కో కుప్పా తాకి ఎవరిదని అడిగితే, చూడకుండానే పేరు చెప్పాలి. మంచి చేప ఎవరికి పడినా గొడవ ఉండదు.

ఆ రోజు గొడవ వేరే. వల లాగింది పన్నెండు మంది, కుప్పలు పదమూడు. పదమూడోది సంఘంలోని మల్లేశంది. కాలు విరిగి మూడు నెలలుగా మంచం మీదున్నాడు. అతని భార్య బాలమణి ఖాళీ బేసినుతో కాస్త దూరంగా నిలబడి ఉంది. నర్సింలు అనే పాతికేళ్ల కుర్రాడికి ఇది నచ్చలేదు.

"నీళ్లల్ల దిగనోనికి వంతెందుకు కాకా?"

ఎల్లయ్య కోప్పడలేదు. "ఇయ్యాల పేర్లు నువ్వే జెప్పు. ఆఖరి పేరు జెప్తవో లేదో నీ ఇష్టం. జెప్పకుంటే గా కుప్ప అందరం పంచుకుందం."

నర్సింలు చెరువు వైపు తిరిగాడు. నేను అతనికి ఎదురుగా ఉన్నాను కాబట్టి ముఖం కనిపిస్తూనే ఉంది. పన్నెండు పేర్లు గబగబా చెప్పేశాడు, తన పేరుతో సహా. కర్ర పదమూడో కుప్పను తాకింది. ఎవరిదని ఎల్లయ్య అడిగాడు. బాలమణి బేసిను నడుముకు గట్టిగా ఆనించుకుంది.

"మల్లేశమన్నది," అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

బొచ్చె ఆ కుప్పలోనే ఉంది. సిగ్గు లేకుండా బాలమణిని అడిగాను. "గిది అమ్మనక్కా, మా ఆయన తింటడు," అని నవ్వింది. ఎల్లయ్య వంతులోంచి రెండు చిన్న రవ్వ చేపలు మూడు వందలకు తెచ్చుకున్నాను.

పులుసు బాగానే కుదిరింది కానీ మనసు కుదురుగా లేదు. పోయినేడు మా ఆఫీసులో జబ్బు చేసి సెలవులో ఉన్న అమ్మాయి పేరు బోనసు జాబితాలోంచి తీసేస్తే, అందరితోపాటు నేనూ సరేనన్నాను. ఎవరం నోరు తెరవాల్సిన పని పడలేదు, ఒక మెయిలుతో అయిపోయింది. ఆమె పేరు ఆమె ఎదుట పైకి చెప్పమని అడిగి ఉంటే, నేనేం చేసేదాన్నో తెలియదు. ఆ కుర్రాడు మాత్రం చెప్పాడు.

వెళ్లాలనుకునేవాళ్లు ఆరున్నరకల్లా చేరండి, మూత ఉన్న డబ్బా పట్టుకెళ్లండి. నాలా ముందే వేలు చూపించకండి. ఆఖరి పేరు పలికేదాకా ఆగండి.