తెర వెనక మాకు మాట వినిపించినవాడు

మా టెంటు సినిమా ఆపరేటరన్న పోయాడని పొద్దున్నే కోట ఊరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. పండు వయసు, బాధపడకుండా పోయాడు, అందుకు సంతోషించాలి. కానీ ఆ మర్నాడు జరిగిన సంతాప సభ నా కడుపు మండించింది. ఒక పెద్దమనిషి లేచి, "ఆ రోజుల్లో మా నాయన టెంటు సినిమా తెప్పించి, రైతుల్నీ పాళెం జనాన్నీ ఒక్కచోట కూర్చోబెట్టినాడు. ఈయన పాపం ఆ సినిమాలో మిషను తిప్పినాడు" అన్నాడు. అందరూ తలలూపారు. నేను లేచేలోపే రెండు నిమిషాల మౌనం అన్నారు, సభ అయిపోయిందన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఒక్కచోట కూర్చోబెట్టారట! మమ్మల్ని కూర్చోబెట్టింది తెర వెనక.

పంతొమ్మిది వందల అరవైల్లో మాట. వరికోతలయ్యాక టెంటు కంపెనీ ఒకటి మా పక్క ఊరికి వచ్చి, ఒక ఆసామి చేలో డేరా వేసేది. చేపల కంపు భరించలేమని, సముద్రంలో చేపలు పట్టుకునే మా పాళెం వాళ్ళు ముందు వైపు కూర్చోకూడదని చేనిచ్చిన ఆసామి షరతు పెట్టాడు. టిక్కెట్టు మేమూ కొనుక్కునేవాళ్ళమే. మాకు బొమ్మ తిరగబడి కనబడేది. హీరో ఎడమచేత్తో అన్నం తినేవాడు. పెళ్ళికూతురు ఎడమకాలు ముందు పెట్టి అత్తగారింట్లోకి వచ్చేది. మా అమ్మ "ఇదేం అపశకునమే" అని నొచ్చుకునేది.

అంతకన్నా పెద్ద బాధ మాట వినబడకపోవడం. స్పీకరు పెట్టె తెరకు ఆనుకుని, మూతి అటు, వీపు ఇటు ఉండేది. మాటలు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వచ్చేవి. అవతల జనం పగలబడి నవ్వుతుంటే, "ఏమన్నాడే? ఏమన్నాడే?" అని మా అమ్మ నన్ను పొడిచేది. మా పాళెంలో కాస్త చదువుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. వినబడని మాటకు చదువేం చేస్తుంది?

ఆ ఏడు కొత్త ఆపరేటరు వచ్చాడు. కోవూరు దగ్గర రైతు కుటుంబం వాడు, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ముక్కుమీద కోపం. ఆయిల్ ఇంజను మోత సినిమాలోకి రాకూడదని దాన్ని దూరంగా చేనిగట్టు అవతల పెట్టించాడు. ఉప్పుగాలికి తీగల మొనలు చిలుము పడతాయని రోజూ గీకి తుడిచేవాడు, ఆంప్లిఫయరు మీద కంబళి కప్పేవాడు. ఆట మొదలుకాక ముందు, ఫిల్ము అంచునున్న సౌండు గీతల మీద పడే చిన్న దీపం ముందు కాగితం ముక్క ఆడించేవాడు. పెట్టె టప్ టప్ మనేది. ఆ చప్పుడు ఎక్కడెక్కడికి చేరుతుందో చూడాలని, కాగితం కుర్రవాడికిచ్చి తాను డేరా అంతా తిరిగి నాలుగు మూలలా కూర్చుని వినేవాడు.

అలా తిరుగుతూ ఒక సాయంత్రం మా వైపు వచ్చాడు. మా అమ్మ పక్కనే ఇసుకలో చతికిలబడి, చెవి రిక్కించాడు. మొహం మాడిపోయింది.

"అమ్మా, ఇన్నాళ్ళూ మీకు ఇట్టాగే వినపడతా ఉండాదా?"

"ఏంది నాయనా వినపడేది? సముద్రం హోరు వినపడద్ది" అంది మా అమ్మ.

మర్నాటికి కంపెనీలో మూలపడి ఉన్న పాత స్పీకరుకు కొత్త అట్ట అతికి, వెదురుబొంగుకు కట్టి మా వైపు నిలబెట్టాడు. యజమాని వద్దన్నా వినలేదట. మొదటి మాట తేటగా వినబడినప్పుడు మా ముసలివాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆ రాత్రి మా అమ్మ నన్ను పొడవలేదు.

రెండోరోజు ఆ తీగ తెగి ఉంది. దానంతట అది తెగలేదు, ఎవరో కొడవలితో కోశారు. ఎవరు కోయించారో ఊరందరికీ తెలుసు.

ఆట మొదలైంది. బొమ్మ కదిలింది, మాట లేదు. మాకే కాదు, ముందు వైపూ లేదు. "సౌండ్! సౌండ్!" అని ఈలలు, కేకలు. ఆపరేటరన్న బొమ్మ ఆపి, మిషను గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు.

"ఆ పక్క తీగ కోసినారు. ఈ పక్క సౌండు నేనే ఆపినా. ఆ పక్క పలికితేనే ఈ పక్కా పలికేది."

ఆసామి కుర్చీలోంచి లేచాడు. "వాళ్ళకి బొమ్మ చాలదంటరా? మాట ఎందుకురా వాళ్ళకి?"

స్పీకరు మూగబోయింది కదా, ఆ మాట గుడ్డ తెరలోంచి మాకు స్పష్టంగా వినబడింది. ఇన్నేళ్ళలో ఆ వైపు నుంచి మేము పూర్తిగా విన్న మొదటి మాట అది. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాట ఎందుకట! ఆ నోటికి అన్నంలో చేప కావాలి. చేప తెచ్చినవాళ్ళకి మాట అక్కర్లేదు!

యజమాని బతిమాలాడు, బెదిరించాడు. ఆపరేటరన్న కదల్లేదు. "టిక్కెట్టు తీసుకున్నాక సగం మందిని చెవిటోళ్ళని చెయ్యను. మీరెవురన్నా తిప్పుకోండి" అన్నాడు. తిప్పగలిగినవాళ్ళు లేరు. చివరకు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలామె, ఆసామికి పిన్నమ్మ వరస, గొంతెత్తింది.

"మాటలేకపోతే ఎట్టా ఉంటాదో మనకీ తెలిసొచ్చింది కదా నాయనా. అతకమను. పొద్దుపోతా ఉండాది."

ఆడవాళ్ళందరూ "అతకమను, అతకమను" అన్నారు. ఆసామి విసురుగా వెళ్ళిపోయాడు. ఆపరేటరన్న తీగ అతికాడు. ఆ రోజు హాస్యగాడి మాటకు తెరకు అటూ ఇటూ ఒక్కసారే నవ్వు లేచింది.

తెల్లారేసరికి ఆయన పని పోయింది. అంతటితో వదల్లేదు. గూడూరు దాకా ఏ టెంటు కంపెనీవాడూ ఆయన్ని పనిలోకి తీసుకోకుండా కబురు పంపారు. "సౌండు ఆపేసేవాడు" అని పేరుపెట్టారు. ఎంత అన్యాయం! మాట వినిపించినవాడికా ఆ పేరు? కొన్నాళ్ళకు కోటలో మైకుసెట్టు పెట్టుకుంటే, పెద్ద ఇళ్ళ పెళ్ళిళ్ళకు పిలవలేదు. మా పాళెం పెళ్ళిళ్ళతో, గంగమ్మ జాతరలతో సంసారం ఈదాడు. ఒకసారి, "ఎందుకన్నా మాకోసం అంత తెగించినావు?" అని అడిగాను. ఆయనకు కోపమొచ్చింది.

"మీ కోసమని ఎవురు చెప్పినారమ్మా? సౌండు మనిషికి వినపడాల. వినపడకుంటే నా పని చెడినట్టు. అంతే." తర్వాత నెమ్మదిగా అన్నాడు: "గట్టిగా వినపడేది గొప్ప కాదు. కడాన కూర్చున్నోడికి తేటగా వినపడాల."

అలాంటి మనిషిని "పాపం, మిషను తిప్పినాడు" అని తేల్చేస్తే ఊరుకోవాలా? ఆ పెద్దమనిషి తండ్రి మమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాడో, ఎవరి తీగ కోయించాడో, ఆ ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళను ఎవరినైనా అడగండి.

సభకు ముందురోజు ఆయన్ని సాగనంపేటప్పుడు, మా పాళెం ఆడవాళ్ళు కోట సంతకు చేపలు పట్టుకుపోతూ దారిలో ఎదురయ్యారు. అందులో చాలామంది ఆయన్ని చూసి ఎరగని వయసువాళ్ళు. ఎవరో పెద్దామె చెప్పినట్టుంది. ఒక్కొక్కరే తలమీది బుట్ట దించి, రోడ్డు వారగా నిలబడ్డారు. పాడె దాటిపోయేదాకా ఎవరూ బుట్ట ఎత్తుకోలేదు. బుట్టల్లోంచి కారిన ఉప్పునీళ్ళు చిన్న పాయలుగా రోడ్డు మీదికి పారుతుంటే, మోసేవాళ్ళు ఆ తడిలోంచే నడిచి వెళ్ళారు.