బల్ల పరచని బాప్తిస్మం

కడుపు నిండడమంటే ఏమిటో తోర్కెల్‌కు తెలియదు. ముప్పై నాలుగేళ్లు వచ్చినా తెలియదు. అన్నీ తిని లేచిన మరుక్షణం కూడా, పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టనివాడికి ఉండేటంత ఆకలి ఉంటుంది అతనికి. ఆ ఆకలితోనే నిద్ర లేస్తాడు, మొహం కడుక్కుంటాడు, మంచులో నడుచుకుంటూ స్వీడన్‌లోని హెర్నోసాండ్ రేవు పక్కనున్న పాత సామాన్ల కొట్టుకు పనికి పోతాడు. మనం ఒక్క పూట పస్తుంటే ఇంటిల్లిపాదినీ కసురుతాం. అతను రోజూ ఆ స్థితిలోనే ఉద్యోగం చేస్తున్నాడు.

కొట్టులో అతని పని పజిళ్లు. జనం వద్దనుకుని ఇచ్చేసిన పెట్టెలు గుట్టలుగా వచ్చి పడతాయి. ఒక్కొక్కటీ విప్పి, ముక్కలన్నీ కలిపి బొమ్మ పూర్తయ్యేదాకా చూసి, మూత మీద ‘అన్నీ ఉన్నాయి’ అనో ‘ఒకటి తక్కువ’ అనో రాసి సంతకం పెడతాడు. మామూలు మనిషికి వారం పట్టే ఆకాశాన్ని, ఎటు చూసినా ఒకటే నీలంగా ఉండేదాన్ని, మధ్యాహ్నం లోపు పేర్చేస్తాడు. ఆ చేతులు చూడటానికే కొందరు కొట్టుకు వస్తారు.

“నిజంగా అన్నీ ఉన్నాయా?” అని ఎవరైనా అడిగారో, అయిపోయారే.

“సంతకం కనబడటం లేదా? పాత కళ్లజోళ్లు ఆ పక్క అరలో ఉన్నాయి, ఒకటి కొనుక్కో.”

అతని జబ్బును ప్రాడర్-విల్లీ అంటారు. ఊమెయో పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ దాని సంగతి చెప్పడానికి మొదట పజిల్‌నే ఎత్తుకుంది. “నువ్వు ఒక ముక్క తగ్గిన పజిల్ లాంటివాడివనుకో...”

“ముక్క పోతే పజిల్‌కి ఆకలి వేయదు. సరిగ్గా చెప్పు.”

ఆమె నవ్వి, క్షమించమని, సరిగ్గానే చెప్పింది. కణాల్లో ఆర్‌ఎన్‌ఏ అనే పోగులుంటాయి. పెద్ద పోగుల్లో ప్రొటీన్లు ఎలా కట్టాలో రాసి ఉంటుంది. బుల్లి పోగులు కొన్ని ఉన్నాయి, వాటిలో అలాంటి రాతేమీ ఉండదు. అవి వేరే ఆర్‌ఎన్‌ఏ మీద తమ అక్షరాలకు జత కుదిరే చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. ‘ఇదిగో, గుర్తు ఇక్కడ పెట్టు’ అని చూపిస్తాయి. వెంట ఉన్న ప్రొటీన్ సరిగ్గా అక్కడే ఒక రసాయనపు గుర్తు పెడుతుంది. తోర్కెల్‌కు తండ్రి వైపునుంచి రావలసిన క్రోమోజోములో కాస్త మేర ఊడిపోయింది. అలాంటి బుల్లి పోగుల గుంపు ఒకటి దానితోపాటే పోయింది. తల్లి వైపు నకలులో ఆ గుంపు ఉంది గాని, అక్కడ అది ఎవరిలోనైనా మూగదే. అసలు గొడవంతా ఎక్కువగా ఆ గుంపు లేకపోవడం వల్లనేనని వాళ్ల అనుమానం.

“నాలో లేనివి ఎక్కడ గుర్తు పెట్టించాలి?”

“అది ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు, తోర్కెల్.”

“ఇంత చదువుకుని కూడానా?”

“ఇంత చదువుకుని కూడా.”

ఆ జవాబు అతనికి నచ్చింది. పరిశోధనకని చేతి మీద చర్మం కాస్త గిల్లి తీసుకోనిచ్చాడు. ఆ కణాలను గాజు పళ్లెంలో పెంచుతారని విని, “వాటికి తిండి పెడతారా?” అని అడిగాడు.

“పెడతాం. రోజు విడిచి రోజు, ఒకే వేళకి.”

“అయితే వాటికేం, హాయిగా ఉన్నాయి.”

వేళ తప్పకపోవడం అతనికి ప్రాణం. అతనుండే ఇంట్లో అతనిలాంటి వాళ్లే మరి కొందరుంటారు. వాళ్లను చూసుకునే గున్వోర్ దగ్గర వంటగది తాళం చెవి ఉంటుంది. అతన్ని బంధించారని చుట్టాలు కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆ తాళం అడిగి వేయించుకున్నది అతనే. తలుపు తెరిచి ఉంటే బుర్రంతా తలుపు దగ్గరే ఉంటుంది. తాళం పడితే పజిల్ చేసుకోవచ్చు. జాలి చూపించేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మంట.

మార్చిలో చెల్లెలు ఇల్వా కొట్టుకు వచ్చింది. కూతురు తూరాకు బాప్తిస్మం, గుడిలో పిల్లను ఎత్తుకుని జ్ఞానతండ్రిగా నిలబడాలని అడగడానికి. అడుగుతూనే తడబడింది. కారణం లేకపోలేదు. ఆమె పెళ్లిరోజున అందరూ డాన్సులో ఉండగా తోర్కెల్ వంటగదిలోకి పోయి దొరికిందల్లా తిన్నాడు. పొట్ట చాలని చెప్పదు, వాంతి రాదు. పెళ్లిబట్టలతోనే ఇల్వా ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చుంది. పొట్ట పగిలేదే, కొద్దిలో తప్పిందన్నారు డాక్టర్లు.

“గున్వోర్ నీ పక్కనే నిలబడి చెయ్యి పట్టుకుంటుంది అన్నా. అంతే, ఇంకేం లేదు.”

“నేను పిల్లని పట్టుకుని, నన్ను ఇంకొకళ్లు పట్టుకుంటే... జ్ఞానతండ్రి ఎవరు, గున్వోరా?”

“మరి ఎలాగ?”

“బల్ల పరచొద్దు, తినేవన్నీ ఎదురుగా పేర్చొద్దు. ఎవరి పళ్లెం వాళ్లకి, లెక్క ప్రకారం, చెప్పిన వేళకి. మిగిలింది నా కంటపడకూడదు. అలా అయితే వస్తా, ఒక్కణ్ణే నిలబడతా. కాదంటే రాను.”

రానన్నాడు గాని, పుట్టిన మూడోరోజున తూరాను ఒడిలో పెట్టించుకున్నప్పటినుంచీ ఆ పిల్లను జనం ముందు ఎత్తుకోవాలని అతని కోరిక. ఇల్వాకు అది తెలుసు.

బల్ల లేదనేసరికి ఇల్వా అత్తగారు మెర్తా కస్సుమంది. ఏడు రకాల బిస్కెట్లు, యాలకుల బన్నులు, రెండు కేకులు వరసగా పేర్చందే ఆమె ఇంట్లో ఏ శుభకార్యమూ గడవలేదు. నేరుగా కొట్టుకే వచ్చింది.

“బాప్తిస్మానికి బల్ల పరచకపోతే ఊళ్లో నా గురించి ఏమనుకుంటారయ్యా?”

“పరిస్తే నేను రాను. నేను రాకపోతే ఊళ్లో ఎవరూ ఏమీ అనుకోరు. నా బాధ అదే.”

మెర్తా అరల వంక తిరిగింది. ఓ పజిల్ కొనుక్కుని పోయింది. ‘ఒకటి తక్కువ’ అని రాసి ఉన్నది, సగం ధరకి.

ఆదివారం గుడి నిండింది. కొత్త కోటు తొడుక్కుని ముందు బెంచీలో కూర్చున్నాడు తోర్కెల్. తూరా అతని చేతుల్లో నిద్రపోతోంది. గున్వోర్ ఎక్కడో వెనకాల ఉంది. ఇల్వా పిల్ల గుడ్డల సంచీ తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టి, అతని పక్కన కూర్చుంది.

పాట మొదలైంది. రెండో చరణంలో వాసన తగిలింది. యాలకులు, వెన్న, మాడీమాడని పంచదార. సంచీలోంచే.

మెర్తా పనే అది. మాట ప్రకారం బల్ల పరచలేదు. కానీ చేసినవి పారేస్తుందా? ఇంటికి వెళ్లాక ఇల్వా తింటుందిలే అని ఓ పొట్లం కట్టి, ఎవరికీ చెప్పకుండా పిల్ల గుడ్డల కింద దూర్చింది. ఆమె దృష్టిలో అది ప్రేమ.

తోర్కెల్‌కు పాట వినబడటం మానేసింది. నోట్లో నీళ్లు, చెవుల్లో హోరు. కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. సంచీ జిప్పు సగం తెరిచే ఉంది. అందరి తలలూ పాటల పుస్తకాల్లోకి వంగి ఉన్నాయి. కాస్త ముందుకు వంగితే చాలు, పిల్ల దుప్పటి సర్దుతున్నాడనుకుంటారు. అతని వేళ్లు అప్పుడే జిప్పు దగ్గరకు చేరాయి. వాటిని అతను పంపలేదు, అవే పోయాయి.

వంగేసరికి తూరా తల మోచేతి మీదనుంచి జారింది. ఆ చెయ్యి వెనక్కి వచ్చి పిల్ల మెడ కిందకు పోయింది. తోర్కెల్ లేచి నిలబడ్డాడు.

“ఈ సంచీలో బన్నులున్నాయి!” గుడి అదిరేలా అరిచాడు. “ఎవరైనా తీసుకుపొండి! ఇప్పుడే!”

పాట తెగిపోయింది. ఆర్గన్ వాయించేవాడు మాత్రం ఇంకో ముక్క వాయించి ఆగాడు. ఇల్వా మొహం సున్నంలా పాలిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు మూడో వరసలోంచి మెర్తా లేచింది. చెవులు కందగడ్డల్లా ఉన్నాయి. ఎవరి వంకా చూడకుండా వచ్చి సంచీ ఎత్తుకుని నడవ మధ్యలోంచి బయటికి నడిచింది.

పాస్టరమ్మ గొంతు సవరించుకుంది. “మొదలుపెడదామా?”

“ఆమె రానీ,” అన్నాడు తోర్కెల్. “మనవరాలు ఆమెది.”

అందరూ ఆగారు. బయట కారు తలుపు పడిన చప్పుడు వినబడింది. మెర్తా బూట్ల నిండా మంచుతో, రొప్పుతూ వచ్చింది.

“కార్లో పెట్టాను. తాళం వేశాను. ఇదిగో చెవి.”

“నాకు చూపించకు!”

ఎక్కడ దాచాలో తోచక మెర్తా అటూఇటూ చూసింది. పాస్టరమ్మ చెయ్యి చాపి, చెవి పుచ్చుకుని, అంగీ కింది జేబులో వేసుకుంది. తర్వాత తోర్కెల్ రెండు చేతులతో పిల్లను నీళ్ల మీదికి పట్టాడు. తడి తగలగానే తూరా కెవ్వుమంది. అంత గట్టిగా ఆ గుడిలో ఆరోజు అరిచినవాళ్లలో ఆమె రెండోది.

పళ్లేలు చెప్పిన వేళకి వచ్చాయి, ఖాళీ అయి వెళ్లిపోయాయి. ఊళ్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇంటికి బయల్దేరేటప్పుడు తెలిసింది, పాస్టరమ్మ జేబులోని చెవితో సహా పక్క ఊరి గుడికి వెళ్లిపోయిందని.

“ఇంత గట్టి తాళం నేనెప్పుడూ చూడలేదు,” అన్నాడు తోర్కెల్, చాలా సంతోషంగా.

కారు లేక మెర్తా అతనితో పాటు నడిచింది. గున్వోర్ నాలుగడుగుల వెనక వస్తోంది. వంతెన దగ్గర మెర్తా అతనివైపు తిరిగింది.

“ఒకటి తీసుకున్నా ఎవరూ చూసేవాళ్లు కాదుగా, తోర్కెల్?”

“చూడరనేగా అరిచింది.”

మెర్తా అతని చెయ్యి పట్టుకుంది. కాళ్ల కింద మంచు జారుతోంది మరి, అందుకని అతను ఊరుకున్నాడు.

“గున్వోర్! భోజనం ఎన్నింటికి?”

“ఐదింటికి. ఎప్పుడూ అంతేగా.”

“తెలుసు,” అన్నాడు తోర్కెల్. “ఈమెకీ తెలియాలని అడిగా.”