పోగుల లిస్టు వెంట హైకోర్టు దాకా

ఢిల్లీలో పుట్టిన చట్టం మా అలియాబాద్ దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలియదు. వచ్చిన పదిరోజులకే దాన్ని మా ఫ్యాక్టరీ ఓనరు పటేలు హైకోర్టులో ఆపించాడు. ఎట్లా ఆపించాడో కళ్లారా చూద్దామని, ఒకరోజు జీతం పోతే పోయిందనుకుని, జూన్ నెలలో ఒక మంగళవారం పొద్దున బయలుదేరాను. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయిన రోజులవి. మా దిక్కు నుంచి కోర్టుకు పోయే పని ఎవరికైనా పడవచ్చు గనుక దారి, వేళలు కూడా రాస్తున్నాను.

ముందు ఆ చట్టం సంగతి. ఫ్యాక్టరీలో దెబ్బ తగిలితే ఈఎస్ఐ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం చేస్తారు. అవయవం పోతే బతికినన్నాళ్లు పింఛను ఇస్తారు. అందుకు మన జీతంలో కొంత కోస్తారు, ఓనరు అంతకంటే ఎక్కువ కట్టాలి. షామీర్‌పేట, అలియాబాద్ ఫ్యాక్టరీలకూ ఇది వర్తిస్తుందని కేంద్రం ఉత్తర్వు తీసింది. ఎనిమిదిమంది ఓనర్లు కలిసి ఆ ఉత్తర్వు చెల్లదని రిట్ వేసి స్టే తెచ్చుకున్నారు. అంటే కేసు తేలేదాకా ఇక్కడ ఆ చట్టం లేనట్టే. స్టే వచ్చిన మూడోవారం, శివరాత్రికి నాలుగు రోజుల ముందు, మా పళ్లాల ఫ్యాక్టరీ పవర్ ప్రెస్సు మల్లేశం ఎడమచేతి బొటనవేలును మొదలంటా కోసేసింది. నాలుగు నెలలైనా పుండు మానలేదు. ఇంకో ఆపరేషన్ చేయాలన్నారు. స్టే ఎత్తేస్తే అది జరుగుతుంది, పింఛనూ వస్తుంది. లేకపోతే పటేలు చేతిలో పెట్టిన రెండువేలే వాడి వేలి ఖరీదు.

నేను ఆ ఫ్యాక్టరీలోనే హాజరు పట్టీ రాసేవాణ్ని. పదో తరగతి పాసయ్యాను కాబట్టి కుర్చీలో కూర్చునే పని దొరికింది.

ఏడుంబావుకు అలియాబాద్ స్టేజీ దగ్గర మల్లేశం నాకోసం నిలబడి ఉన్నాడు. ఎడమచేతికి తెల్లగుడ్డ, దానిమీద ఈగలు ముసరకుండా ప్లాస్టిక్ కవరు. కరీంనగర్ నుంచి వచ్చే ఎర్రబస్సులు మా స్టేజీలో ఆగవు. తుర్కపల్లి ల్యాబులకు పోయే కంపెనీ కార్లు ఎదురుగా ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, ఒక్కో దాంట్లో ఇద్దరు. మాకు ఏడూ నలభైకి సిటీ బస్సు వచ్చింది, అదీ ఒక పక్కకు ఒరిగి. టికెట్టు ఎనిమిది రూపాయలు.

మల్లేశం చెయ్యి చూసి ఒక అవ్వ పక్క సీటు మీది జామకాయల గంప ఒళ్లోకి తీసుకుని జాగా ఇచ్చింది.

"గిదేంది బిడ్డా, యాడ తెగింది?"

"ప్రెస్సుల అవ్వా."

"మరి సేటు ఏమిచ్చిండు?"

"సెలవిచ్చిండు" అన్నాడు మల్లేశం. బస్సులో నలుగురు నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ సెలవు నా హాజరు పట్టీలో గైర్హాజరు అని రాయించారు. రాసింది నేనే.

తూంకుంట, హకీంపేట, బొల్లారం, అల్వాల్ దాటి జూబ్లీ బస్ స్టేషన్ చేరేసరికి తొమ్మిది. అక్కడినుంచి అఫ్జల్‌గంజ్ బస్సు పట్టి నయాపూల్ దగ్గర దిగాలి. ఆరు రూపాయలు. మూసీ వాసనకు ముక్కు మూసుకుంటే కండక్టరు "జవహర్‌నగర్ చెత్త వాసన పీల్చెటోళ్లకు గిదెంత అన్నా!" అని దెప్పాడు. మా దిక్కువాళ్లమని మాటను బట్టి కనిపెట్టాడు. దిగి మదీనా హోటల్ దగ్గర చెరొక చాయ్, రెండేసి ఉస్మానియా బిస్కట్లు తీసుకున్నాం. కడుపులో ఏదైనా వేసుకునే కోర్టుకు పోవాలి. లోపల ఎవరి వంతు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

పదింబావుకు గేటు దగ్గర పాసు రాయించుకున్నాం. లోపల బోర్డు మీద మా కేసు డెబ్బై నాలుగోది. మల్లేశం తరఫున అర్జీ వేసిన వకీలమ్మ వరండాలోనే ఎదురైంది. కార్మికుల కేసులకు ఫీజు కోసం పీడించదని పేరున్న మనిషి. చేతిలో కట్ట విప్పి ఒక కాగితం నా ముందు పెట్టింది.

"స్టే ఎత్తేయమని మనం అడిగినందుకు వాళ్లు మొన్న ఈ జవాబు వేశారు. అరవై నాలుగు మంది కార్మికులు మాకు ఈఎస్ఐ వద్దు, జీతం కోయొద్దు అని రాసిచ్చారట. ఇది మీవాళ్లదేనా?"

పైన ఇంగ్లీషులో టైపు చేసిన పేరా ఉంది. కింద నీలం సిరాతో తెలుగులో పేర్లు, ఒకటి నుంచి అరవై నాలుగు దాకా. పక్కన సంతకాలు, వేలిముద్రలు. ఆ రాత నాది.

మా ఫ్యాక్టరీలో దసరాకు యంత్రాలకు పూజచేసి మేకను కోస్తారు. మాంసం పోగులు పెట్టి పనివాళ్లకు తలా ఒకటి పంచుతారు. పోగు తీసుకున్నవాడు లిస్టులో వేలు పెట్టాలి. ఏటా లిస్టు రాసేది నేనే. కిందటి దసరాకు మేనేజరు, "అంజయ్యా, పైన జాగా ఇడిసిపెట్టు, హెడ్డింగు నేను తర్వాత రాస్త" అన్నాడు. సరే సార్ అని జానెడు జాగా వదిలాను. మాంసం చెడిపోతుందని అందరినీ తొందరపెట్టి నేనే వేళ్లు పట్టుకుని ముద్రలు వేయించాను. దొంగ చేతికి తాళం ఇచ్చిన మొనగాణ్ని నేను!

మల్లేశానికి చదువు రాదు. ఏం కాగితమని అడిగాడు. చెప్పాను. వాడు వంగి చూశాడు.

"నాదేది?"

ఇరవై మూడో నంబరు దగ్గర వేలు పెట్టి చూపించాను. మల్లేశం తన గుడ్డకట్టు చేతిని ఆ ముద్ర పక్కన ఆనించాడు.

"గీ వేలు గిన్నొద్దులు యాడుందో అనుకున్న. కోర్టుకొచ్చి కూసుందా?"

వకీలమ్మ కాగితం లాక్కుని తేదీ చూసింది. ఉగాది తర్వాతి వారం తేదీ. అప్పటికి ఆ వేలు పోయి నెల దాటింది. "ఇది ఎడమచేతిదేనా?" అని అడిగింది.

"ఎడమదే మేడం."

"వాళ్లు కుడిచేతిదని వాదిస్తారు. ఈ ముద్రలు దసరానాడు మాంసం లిస్టుకు తీసుకున్నవని ఆ లిస్టు రాసిన మనిషి ప్రమాణం చేసి చెప్పాలి. ఎవరు రాశారు?"

నేను అటు తిరిగి బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. చెబితే ఉద్యోగం పోతుంది, కుర్చీ పోతుంది, పటేలు ఇంటి ముందునుంచి నడిచే ధైర్యమూ పోతుంది. ఇద్దరు పిల్లల ఫీజులు గుర్తొచ్చాయి. మల్లేశం నా దిక్కు చూడలేదు. ఆ లిస్టు రాసింది నేనని వాడికి తెలుసు. తెలిసి కూడా నా పేరు చెప్పలేదు. ఆ మంచితనం పుండు మీద కారంలా మండింది.

మధ్యాహ్నం క్యాంటీనులో పులిహోర పొట్లాలు కొన్నాను. మల్లేశానికి పొట్లం దారం విప్పడం రాలేదు, నేను విప్పి ఇచ్చాను. మూడూ నలభైకి మా నంబరు పిలిచారు. అరగ్లాసు చాయ్ తాగేంత సేపు కూడా పట్టలేదు. ఓనర్ల పెద్ద వకీలు లేచి వాయిదా అడిగాడు, జడ్జిగారు రెండువారాలు ఇచ్చారు, స్టే అలాగే ఉంటుందన్నారు. నాకు అర్థమైన ఇంగ్లీషు అంతే. పొద్దుటినుంచీ నిలబడ్డ కాళ్లను ఏమని సముదాయించాలి?

బయటికి వస్తుంటే ఆ పెద్ద వకీలు తన జూనియర్లతో తెలుగులో నవ్వుతున్నాడు. "పనోళ్లే వద్దంటుంటే కేంద్రానికేం నొప్పయ్యా?"

పనోళ్లే వద్దన్నారట! మేకమాంసం పోగు కావాలన్నవాళ్లు వైద్యం వద్దన్నారట! ఆ నవ్వు వినకపోయి ఉంటే నేను పిరికివాడిగానే ఇంటికి చేరేవాణ్నేమో. వెనక్కి తిరిగి వకీలమ్మ దగ్గరికి పోయాను.

"లిస్టు రాసింది నేనే మేడం. పైన జాగా వదిలింది కూడా నేనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "రేపటినుంచి మీకు పని ఉండదు, తెలుసా?"

"తెలుసు."

గేటు బయట టార్పాలిన్ కింద ఒక టైపిస్టు, ఒక నోటరీ కూర్చుంటారు. ఆమె చెప్పింది టైపు అయ్యేసరికి నాలుగున్నర. నోటరీ "జల్దీ సంతకం పెట్టు" అన్నాడు. ప్రతి ముక్కా తెలుగులో చదివి చెబితే గాని పెట్టనన్నాను. గొణిగాడు. గొణగనీ! ఒకసారి చదవకుండా పని చేసినందుకు జరిగింది చాలు. వకీలమ్మ చదివి చెప్పింది, సంతకం పెట్టాను. తర్వాత మల్లేశం కాగితం. నోటరీ తలెత్తకుండానే ఇంకు ప్యాడు ముందుకు తోశాడు.

"ఎడమ బొటనవేలు."

మల్లేశం కవరు తీశాడు, గుడ్డ విప్పాడు. చేతిని ప్యాడు మీద ఎత్తి పట్టుకున్నాడు. నోటరీ అప్పుడు తలెత్తాడు. కలం కింద పెట్టేశాడు. పక్కన టైపు చప్పుడు ఆగిపోయింది. చివరికి కుడి వేలితో వేయించి, ఎందుకు కుడిదో పక్కన తన చేత్తో రాసి, మా ఇద్దరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు.

ఐదూ పదికి నయాపూల్‌లో బస్సు. జూబ్లీ బస్ స్టేషన్‌లో షామీర్‌పేట బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాం. మా దిక్కునుంచి హైకోర్టుకు పోవడానికి రెండున్నర గంటలు చాలు. అక్కడికి చేరాక న్యాయం మన దిక్కు రావడానికి ఎన్ని వాయిదాలో మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. ఓనర్లకు వాయిదా అంటే ఇంకో రెండువారాల లాభం, మల్లేశానికి ఇంకో రెండువారాల చీము. ఈ రెంటినీ ఒకే తూకంలో వేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. దాన్ని తగ్గించుకునే ఆలోచన నాకు లేదు.

హకీంపేట దాటాక మల్లేశం నా దిక్కు తిరిగాడు.

"రేపు గేటు కాడ నిన్ను ఆపుతరు, తమ్మీ."

"ఆపుతరు మల్లేశన్నా."

"ఊకె ఆపరు. అందరి ముంగట తిడ్తరు."

కిటికీలోంచి ప్లాట్ల రాళ్లు పాతిన పొలాలు పోతున్నాయి.

"నాకు లోపల పనైతే లేదు" అన్నాడు వాడు, గుడ్డ మళ్లీ చుట్టుకుంటూ. "గనీ పొద్దుగాల నీతోని గేటు దాక వస్త. ఒక్కనివే నిలబడకు."