పొలిక్సేని డాక్టరమ్మ వాసన పిచ్చి

డాక్టర్ పొలిక్సేని ఎదురుపడితే ఏదో ఒకటి వాసన చూడకుండా ఎవడూ తప్పించుకోలేడు. ఆవిడ జేబులో ఎప్పుడూ భూతులసి రెమ్మ ఉంటుంది. అది లేకపోతే కాఫీ డబ్బా, అదీ లేకపోతే చేతికి ఏది దొరికితే అది. ముక్కు కింద పెట్టి, "నోరు మూసుకో. ఒక్కసారే, గట్టిగా పీల్చు" అంటుంది. పీల్చాక ఎలా ఉందని అడగదు. పొట్ట వంక చూసి, "ఊఁ" అని వెళ్ళిపోతుంది.

చర్చిలో ధూపం వేస్తున్న పాద్రీగారికి ఆయన ధూపమే పట్టింది. స్పీడెక్కువైందని కారు ఆపిన పోలీసుకి కిటికీలోంచి పుచ్చకాయ ముక్క అందించింది.

"లంచమా?" అని వాడు గుడ్లురిమాడు.

"తినడానిక్కాదు నాయనా, వాసన చూడు."

వాడు చూశాడు. జరిమానా మాత్రం వదల్లేదు.

ఇంతా చేసి ఆవిడ పట్నం ఆసుపత్రిలో ఛాతీ ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు. కాస్తానోవ్రిసి పుట్టిన ఊరు కాబట్టి ఆదివారమైతే చాలు, కొండెక్కి వచ్చేస్తుంది. కారు మోత వినగానే కాఫీ హోటల్లో సగం మంది ముక్కులు మూసుకుంటారు.

ఆ ఊళ్ళో ఆవిడకి లొంగని ముక్కు ఒక్కటే. అది క్లారినెట్ ఆర్గిరిస్‌ది.

ఆగస్టు మాత పండగకి తెల్లవారేదాకా వాయించి, చివర్లో ఒకే ఒక్క స్వరాన్ని లోయంతా నిండేలా నిలబెట్టడం ఆర్గిరిస్ హక్కు. అరవై దాటినా ఆ హక్కు ఎవరికీ ఇవ్వలేదు. అలాంటిది ఆ ఏడు పండగలో స్వరం మధ్యలోనే తెగిపోయింది. "మూతిలో ఊదే రీడు పాడైంది" అన్నాడు. కొత్త రీడు పెట్టాడు. మళ్ళీ తెగింది. పక్క ఊరి కుర్రాణ్ణి పిలుద్దామని పెద్దలు గుసగుసలాడుకున్నారు.

అప్పటికే ఒక డాక్టరు గుండె చూసి బాగుందన్నాడు. ఇంకొకాయన సిగరెట్లన్నాడు. మూడో ఆయన, "వయసు! వాయించడం మానెయ్" అన్నాడు. ఆ రోజే ఆర్గిరిస్ ఒట్టేసుకున్నాడు, ఇంకో డాక్టరు తన మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి విరుస్తానని.

పండగైన మర్నాటి ఆదివారం పొలిక్సేని హోటల్లోకి వచ్చి, ఆ చివరి నుంచి ఒక్కొక్కరికీ రెమ్మ పట్టుకుంటూ ఆర్గిరిస్ దగ్గరికొచ్చింది.

"నాకక్కర్లేదు తల్లీ. నా ముక్కు నా సొంతం."

"వదిలెయ్ డాక్టరమ్మా," రొట్టెల ఫోతిస్ అందుకున్నాడు. "క్లారినెట్‌కే చాలట్లేదు, నీ రెమ్మకెక్కడి ఊపిరి?"

హోటలంతా గొల్లుమంది. ఆర్గిరిస్ రెమ్మ లాక్కుని, ఆకులు ముక్కులోకి పోయేంత గట్టిగా పీల్చాడు. "చూశారా! చచ్చానా?"

"ఊఁ," అంది పొలిక్సేని.

సాయంత్రానికి ఆర్గిరిస్ ఇంటికొచ్చింది.

"అన్నా, బూటు లేసు కట్టుకో, చూద్దాం."

"నావి లేసుల్లేని బూట్లు."

"ఎప్పట్నుంచి?"

"జూన్‌లో చెర్రీ చెట్టు మీంచి పడ్డాడుగా, అప్పట్నుంచి," భార్య క్రిసావ్గి చెప్పింది. "వంగితే ఆయాసం. పడుకుంటే ఇంకా ఆయాసం. రాత్రుళ్ళు కుర్చీలోనే నిద్ర."

"మంచంలో నల్లులున్నాయే!" అరిచాడు ఆర్గిరిస్.

"నల్లులు కాదన్నా. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అని ఒక పొర ఉంటుంది. గాలి పీలిస్తే అది కిందకి దిగాలి. పొద్దున నువ్వు రెమ్మ పీల్చినప్పుడు నీ చొక్కా కుడిపక్క ముందుకొచ్చింది, ఎడమపక్క లోపలికి పోయింది. మెడలో దెబ్బ తగిలి, ఎడమ సగాన్ని నడిపే నరం పడుకుంది."

"డాక్టర్లకి చూపించనని ఒట్టేశాను."

"నువ్వెక్కడ చూపించావు? నీ చొక్కా చూపించింది."

ఆర్గిరిస్‌ని పట్నం ఆసుపత్రికి లాక్కెళ్ళి, లోపలి కదలికలు చూపించే ఎక్స్‌రే ముందు నిలబెట్టి మళ్ళీ వాసనే పట్టించింది. తెర మీద కుడి సగం చటుక్కున దిగింది. ఎడమ సగం అదే క్షణంలో పైకి లేచి ఊపిరితిత్తిని నొక్కింది.

"అదేంటి, నా మాట వినట్లేదు!"

"ఇంట్లో మాత్రం ఎవరు వింటున్నారని," అంది క్రిసావ్గి.

నరం లేస్తుందేమోనని చలికాలమంతా ఆగారు. లేవలేదు. ఆపరేషన్ అనగానే పొలిక్సేని పైఅధికారి మొహం చిట్లించాడు.

"ఈ వయసులో కోత దేనికి? వాయించడం మానేస్తే పోయేదానికి!"

"ఒక్క రాత్రి మీరు కుర్చీలో పడుకుని రండి సార్. మానేద్దామో వద్దో అప్పుడు మాట్లాడదాం."

సంతకం పెట్టేదాకా ఆవిడ ఆయన గదిలోంచి కదల్లేదు.

క్రిసావ్గికి అర్థమయ్యేలా బల్ల మీది గుడ్డ పట్టుకుని చూపించింది. "వదులైపోయిన పొరని ఇలా కుచ్చిళ్ళు పెట్టి, బిగించి కుట్టేస్తాను. నరం లేవదు. కానీ పొర ఊపిరితిత్తి మీదికెక్కి కూర్చోదు." పక్కటెముకల మధ్య చిన్న చిన్న రంధ్రాల్లోంచి ఆ పని చేసింది. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి ఆర్గిరిస్ ముక్కు కింద భూతులసి.

"పైలోకంలో కూడా నువ్వేనా!" అన్నాడు.

ఆ ఆగస్టుకి పక్క ఊరి కుర్రాణ్ణి ఎవరూ పిలవలేదు. తెల్లవారుతుండగా ఆర్గిరిస్ లేచి స్వరం పట్టాడు. మానెయ్యమన్నవాళ్ళందరి మీదా కసి తీర్చుకుంటున్నట్టు పట్టాడు. నాట్యం ఆగిపోయింది. పాద్రీగారు గ్లాసు సగంలో ఆపి నోరు తెరిచారు. స్వరం తెగలేదు. విసుగొచ్చి కుక్కలే మొరగడం మానుకున్నాయి.

చెమట తుడుచుకుని బల్ల దగ్గర కూర్చున్నాడో లేదో పొలిక్సేని రెమ్మతో బయల్దేరింది. ఈసారి ఆర్గిరిస్ కాలరు సర్దుకుని, మెడల్ అందుకునేవాడిలా ఛాతీ విరిచి పీల్చాడు. ఎంత బాగా పీల్చానో చూశావా అన్నట్టు తలెత్తాడు.

ఆవిడ చూడనే లేదు. ఆవిడ చూపు పక్కన కూర్చున్న ఫోతిస్ మీదుంది. ఇందాక రొట్టెల పళ్ళెం మోసుకొస్తూ దారిలో మూడుసార్లు దించి, పిండి దుమ్ము పడట్లేదని చెప్పుకుంటున్నాడు ఫోతిస్. లేసుల్లేని బూట్లు వేసుకున్నాడు.

ఆర్గిరిస్‌కి కిందటేటి హోటల్ గుర్తొచ్చింది. ఆ రోజు ఎవరి పొట్ట మీదా నిలవని చూపు తన చొక్కా దగ్గర నిలిచింది.

"అంటే పోయినసారి నా ఒక్కడి కోసమేనా?" గొంతు తగ్గించి అడిగాడు. "మరి ఊరందరికీ ఎందుకు పట్టావు?"

"నీ ఒక్కడికే పడితే నువ్వు రోగివైపోతావన్నా, పారిపోతావు. అందరికీ పడితే నేను పిచ్చిదాన్నవుతాను. నాకది అలవాటేలే."

ఆర్గిరిస్ కాసేపు క్లారినెట్ తుడుచుకున్నాడు. తర్వాత బల్ల మీద దబ్బున చరిచాడు.

"ఒరే ఫోతీ! రెమ్మొస్తోంది. క్లారినెట్‌గాడు పీల్చాడు, నీకు చేతకాదా?"

"ఎవడికిరా చేతకానిది!" ఫోతిస్ ఎగిరి రెమ్మ లాక్కుని, గడ్డివాము తగలబెట్టేంత కోపంతో పీల్చాడు.

"ఊఁ," అంది పొలిక్సేని.

"ఊఁ," అన్నాడు ఆర్గిరిస్ కూడా, ఫోతిస్ పొట్ట వంకే చూస్తూ.