మా మామ పేర్చిన అయిదక్షరాల మాట

మేము శాలిబండలో ఉన్న రోజుల్లో, నా చిన్నప్పుడు, నాకు దయ్యాలంటే భయం లేదు. మా తమ్ముడి పక్కన బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుందేమోననే భయం మాత్రం ఉండేది. తెలుగు మీడియంలో అయిదు చదివిన నన్ను ఇంగ్లీషు మీడియంలో ఆరో తరగతిలో వేశారు. దసరా సెలవుల్లోపు దారికి రాకపోతే మళ్ళీ అయిదులోనే కూర్చోబెడతానని టీచరమ్మ మా నాన్న ముందే చెప్పేసింది. ఆ అయిదులోనే మా తమ్ముడు ఉన్నాడు. "అక్కా, నీకు జాగ పెట్టిన" అని వాడు రోజూ ఇంట్లో దెప్పేవాడు. కడుపు మండిపోయేది.

ఆ టీచరమ్మ శనివారం శనివారం ఒక పరీక్ష పెట్టేది. బోర్డు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు రాస్తుంది. ఆ రెండూ ఉండేలా అయిదక్షరాల మాటలు పది రాయాలి. నేను వారం వారం తెల్ల కాగితమే ఇచ్చేదాన్ని. సెలవుల ముందు ఇక ఒక్క శనివారమే మిగిలింది.

మా మేనమామ నయాపూల్ దగ్గర ఒక ప్రెస్సులో కంపోజిటర్. పెండ్లి పత్రికలకు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చడం ఆయన పని. ఇంగ్లీషు పత్రికలు కూడా చకచకా పేర్చేవాడు. అబ్బో, మా చుట్టాల్లో ఇంతటి ఇంగ్లీషు పండితుడు లేడని నా నమ్మకం. బడి వదలగానే ఏడుపు ముఖంతో ఆయన దగ్గరికి పోయాను.

అక్కడ అక్షరాల పెట్టె చూడగానే ఏడుపు మరిచిపోయాను. అన్నీ చిన్న చిన్న గళ్ళు. 'ఏ' పక్కన 'బి' లేదు, 'బి' పక్కన 'సి' లేదు. 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరానికి మాత్రం అన్నిటికంటే పెద్ద గది, అదీ చేతికి దగ్గరగా. ఎందుకని అడిగితే మామ చెప్పలేదు. ఒక పత్రిక చేతిలో పెట్టి, ఏ అక్షరం ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టమన్నాడు. 'ఈ'లు లెక్కపెట్టేసరికి నా వేళ్ళు చాల్లేదు. ఎక్కువసార్లు వచ్చే అక్షరానికే పెద్ద గది అని ఆయన చెప్పకుండానే అర్థమైపోయింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను!

తర్వాత నాకు తెలిసిన ఒక అయిదక్షరాల మాట చెప్పమన్నాడు. ప్లేట్ అన్నాను. అక్షరాలు కూడా నన్నే చెప్పమని, వరసగా పేర్చాడు. "ఇగ ఒక్క జాగనే మార్చు బిడ్డా. కడమయి కదిలియ్యకు. పెద్ద గళ్ళల్ల నుంచి ఒక్కొక్కటి పెట్టి చూడు" అన్నాడు. పి తీసి ఎస్ పెట్టాను. స్లేట్! ఎల్ తీసి టి పెట్టాను. స్టేట్! మధ్యలో ఏదైనా మాట అవునా కాదా అని అడిగితే, టీచర్‌నే అడగమనేవాడు. నన్ను పరీక్షిస్తున్నాడనుకున్నాను.

శనివారం బోర్డు మీద ఆర్, ఐ పడ్డాయి. ముందు ఏమీ తోచలేదు. అంతలో మామ పత్రికల్లో రోజూ కనబడే మాట ఒకటి కళ్ళ ముందు నిలిచింది. బ్రైడ్. దాన్ని పట్టుకుని ఒక్కొక్క చోటే మార్చుకుంటూ పోయాను. ప్రైడ్, ప్రైస్, ప్రైజ్ వచ్చాయి. ఎలాగో పది పూర్తి చేశాను. టీచరమ్మ కాగితం రెండుసార్లు చూసి, బ్రైడ్ అంటే ఏమిటని అడిగింది. అర్థం నాకెక్కడ తెలుసు? సోమవారం చెప్పు, అప్పుడు చూద్దాం అంది.

ఒక్క పరుగున ప్రెస్సుకు పోయాను. మామ చేతుల మసి తుడుచుకుంటూ నా మాట అంతా విన్నాడు. "నాకేం ఎరుక బిడ్డా. నాలుగో తరగతిలనే బడి బందు వెట్టిన. అక్షరాలు గుర్తు వడుత, గంతే. ఇంగ్లీషు నాకు రాదు" అన్నాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో! రోజూ పేర్చే మాటకు అర్థం తెలియకపోవడమేమిటి? ముందే చెప్పొచ్చు కదా అని అరిచాను. ఆయన నొచ్చుకోలేదు. "నువ్వు అక్షరాల సంగతి అడిగినవ్. అది నాకొచ్చు, చెప్పిన. ఇది నాకు రాదు. ఫికర్ వడకు. ఎరుక లేదని టీచర్‌కు చెప్పు, మా మామకు గూడ ఎరుక లేదని చెప్పు. ఆమె చెప్పింది నాకొచ్చి చెప్పు" అన్నాడు.

సోమవారం లేచి నిలబడి అలాగే చెప్పాను. పిల్లలంతా గొల్లున నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. అర్థం చెప్పి, "కూర్చో. ఇక్కడే, నీ చోట్లోనే కూర్చో" అంది.

సాయంత్రం మామకు బ్రైడ్ అంటే పెండ్లిపిల్ల అని చెప్పాను. చేతిలోని అక్షరాలు కింద పెట్టి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "గిన్నేండ్ల సంది ఎందర్ని పేర్చిననో! ఒక్క పిల్లను గూడ గుర్తువట్టకపోతినిగదనే!" అన్నాడు. ఆ పూట పత్రిక మొత్తం నాతో చదివించుకుని, రెండో మాట దగ్గర వేలు పెట్టి ఇదేంది అని అడిగాడు.

నేను ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లలు అడిగింది తెలియనప్పుడు నాకు తెలియదు, రేపు తెలుసుకుని వస్తానని బోర్డు ముందే చెప్పేదాన్ని. ఆ మాట అన్న ప్రతిసారీ మామ మసి చేతులు గుర్తొచ్చేవి, సిగ్గు మాత్రం ఎన్నడూ వేయలేదు.