సారు గుర్తుపట్టిన చీటీ

ఒకరోజు పొద్దున పాలు పోయించుకుంటుంటే మా సారు పోయారని తెలిసింది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక ఆ సంగతి ఎవరికీ తెలియదులే అని ఊరట కలిగింది. దానికి సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

సుల్తానాబాద్‌లో మా గల్లీ పిల్లలందరికీ అక్షరాలు దిద్దించింది ఆయనే. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. బలపం పట్టే ముందు చెయ్యి తుడుచుకోమనేవారు. "అబద్ధం రాస్తే చెయ్యి వణుకుతది బిడ్డా" అనేవారు. నేనూ, నా పక్కన కూర్చునే నేస్తమూ ఒకరి వేళ్లు ఒకరం చూసుకుని నవ్వుకునేవాళ్లం.

ఆ నేస్తమే ముస్లిం అబ్బాయిని పెళ్లి చేసుకుని మంచిర్యాలలో ఉండేది. రెండేళ్ల కింద మా గల్లీలో ఇల్లు అద్దెకు అడిగింది. ఇంటాయన సరేనన్నా గల్లీ ఒప్పుకోలేదు. వినాయకుడి మండపం ఎక్కడ వేయాలన్నా, బోరు ఎక్కడ దింపాలన్నా తలా ఒక చీటీ రాసి, ఎక్కువమంది మాట ప్రకారం తేల్చుకునే అలవాటు మాది. దీనికీ చీటీలే అన్నారు. సారు ఒక్కరే అడ్డుపడ్డారు.

"బోరు సంగతి అందరం చెప్పొచ్చు. ఒగలు ఎవలతోని బతకాల్నో గల్లీ చెప్పుడేంది?"

ఎవరూ వినలేదు. పైగా నమ్మకమైన మనిషని చీటీలు విప్పడానికి ఆయన్నే కూర్చోబెట్టారు. తాను లేకపోతే మోసం జరుగుతుందేమోనని ఆయనా కూర్చున్నారు.

నేను 'వద్దు' అని రాశాను. పుట్టిందీ మెట్టిందీ ఆ గల్లీలోనే, మా ఆయన మాటకు జడిశానని చెప్పుకోవచ్చు. కానీ రాసేటప్పుడు నా పక్కన ఎవరూ లేరు. పేరు రాయనక్కర్లేదన్నదే నా ధైర్యం. అందరికీ రాత నేర్పిన మనిషి చేతికే ఆ చీటీలు ఇస్తున్నామని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఒక చీటీ దగ్గర ఆయన ఆగారు. కళ్లద్దాలు తుడుచుకుని, "వద్దు" అని మిగతావాటిలాగే చదివారు. 'వద్దు'లే ఎక్కువొచ్చాయి. ఆమెకు ఇల్లు దక్కలేదు. సారు వెళ్తూ నా దగ్గర ఆగి, "చెయ్యి వణికింది బిడ్డా" అన్నారు మెల్లగా. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎదురైతే ఎప్పటిలాగే మంచీచెడూ అడిగేవారు. నాకు తలెత్తడం చేతనయ్యేది కాదు.

పదకొండో రోజు సారు ఇంట్లో నోటుబుక్కు పెట్టి శిష్యులంతా తలా నాలుగు మాటలు రాశారు. నా నేస్తం కూడా వచ్చింది. నాకంటే ముందు తనే రాసింది. మా ఇద్దరిదీ సారు నేర్పిన గుండ్రటి రాతే. పెన్ను నా చేతికిచ్చి, నేను కదలకపోతే నవ్వింది.

"రాయవే. సారు సూస్తలేడు గదా."

నా చీటీ సంగతి ఆమెకు తెలియదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని, పెన్ను కాగితానికి ఆనించాను. ఆ నోటుబుక్కులో ఆమె అక్షరాల కింద ఇప్పటికీ ఒక నీలం చుక్క మాత్రమే ఉంది.